ఎదురింట్లో ఏడుపు



మా మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసాల్లో కావ్యాల మీద, శాసనాల మీద, ఛందస్సు మీద పెద్దలు మాట్లాడారు. నేను పన్నెండు, పదమూడు నిమిషాల బొమ్మల సినిమా గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు మొదట కొంచెం తటపటాయించారు. అయితే మాస్టారు జీవితమంతా పాఠం చెప్పింది అలంకారశాస్త్రం. అందులోనూ ఆయనకు ప్రాణం ధ్వని సిద్ధాంతం. చెప్పిన మాటలోంచి చెప్పని అర్థం ఎలా పుడుతుందన్నదే ఆయన పాఠం. ఈ రోజు నేను తీసుకున్న చిత్రం చుట్టూ కూడా అదే ప్రశ్న తిరుగుతోంది. అందుకే ఇది ఆయన సభలో చెప్పదగిన విషయమని నమ్ముతున్నాను.

చిత్రం పేరు 'ఓపల్'. తీసినవాడు జాక్ స్టౌబర్ అనే అమెరికన్ యువకుడు. సంగీతకారుడు. చిత్రంలోని పాటలు కూడా అతనివే. 2020లో అడల్ట్ స్విమ్ అనే అమెరికన్ ఛానల్ దీన్ని ప్రసారం చేసింది. మట్టి బొమ్మలను కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫ్రేము తీసే స్టాప్ మోషన్ పద్ధతిలో చాలా భాగం తీశారు. మీలో చాలామంది చూసే వచ్చారు. చూడనివారి కోసం కథ చెబుతాను. కథ ముందే తెలిస్తే దీని బలం తగ్గదు, పెరుగుతుంది.

ఓపల్ అనే పిల్లకు చక్కటి కుటుంబం ఉంది. నవ్వుతూ, పాడుతూ, ఆమెను చూస్తూ ఉంటారు. ఒక్కటే నిషేధం: ఎదురింటి జోలికి పోకూడదు. ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తుంది. ఓపల్ ఆగలేక వెళ్తుంది. ఆ ఇల్లు మురికి, చీకటి. ఒక చోట చూపు లేనట్టుండే ముసలాయన పొగ తాగుతూ టీవీ ముందు కూర్చుని ఉంటాడు. మరో గదిలో ఒకాయన అద్దంలో తన అందం తాను చూసుకుంటూ ఉంటాడు. ఇంకో గదిలో ఒకావిడ మత్తులో, నిస్త్రాణలో ఉంటుంది. ముగ్గురూ తమ గోడే చెప్పుకుంటారు. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లను ఎవరూ అడగరు. చివరకు తెలిసేది ఏమిటంటే, ఆ ముగ్గురే ఆమె తాత, తండ్రి, తల్లి. ఆమె పేరు ఓపల్ కాదు, క్లేర్. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇల్లే లేదు, బర్గర్ల దుకాణం హోర్డింగు ఉంది. ఆ నవ్వే కుటుంబం ఆ ప్రకటనలోని బొమ్మ.

ఇంతే కథ. దీనికి గూఢార్థాలు వెతికినవాళ్లు లెక్కలేనంత మంది. నేను తరగతిలో దీన్ని చర్చకు పెట్టినప్పుడు కూడా అదే జరిగింది. మూడు గదులు మూడు పాపాలన్నారు ఒకరు. తాత గడిచిన కాలం, తండ్రి నడుస్తున్న కాలం, తల్లి రాబోయే కాలం అన్నారు ఇంకొకరు. ఇల్లంతా ఒకే మనసనీ, గదులు ఆ మనసులోని పొరలనీ మరొకరు. తెలివైన మాటలే. కానీ ఆ చర్చ గంటసేపు సాగినా అందులో పిల్ల లేదు. పాపాలున్నాయి, కాలాలున్నాయి, పొరలున్నాయి, ఏడుస్తున్న పిల్ల మాత్రం ఎక్కడో జారిపోయింది. కథలోని పెద్దలు చేసిన పనినే మేమూ చేశాం. మా ఆలోచనల అందం మేం చూసుకున్నాం.

ఇక్కడే మాస్టారి ధ్వని పాఠం గుర్తొస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో ఒక మాట చెప్పాడు. వెలుగు కావాలనుకున్నవాడు ముందు దీపశిఖ సంగతి చూసుకుంటాడు, అలాగే వ్యంగ్యార్థం, అంటే మాట సూచించే అర్థం, కావాలనుకున్నవాడు ముందు వాచ్యార్థాన్ని, అంటే మాట నేరుగా చెప్పే అర్థాన్ని, శ్రద్ధగా పట్టుకోవాలి అని దాని సారం. మాస్టారు ఈ చోట చాలాసేపు ఆగేవారు. వాచ్యార్థాన్ని పక్కకు తోసేసి లోపలి అర్థానికి పరుగెత్తేవాడు రసికుడు కాడని ఆయన గట్టిగా అనేవారు. అందుకే తెర మీద కళ్లకు కనిపించేదేమిటో ముందు చూద్దాం. గుర్తులు, సంకేతాలు ఆ తర్వాత.

కనిపించేవి కళ్లు. నా మటుకు ఈ చిత్రం మొత్తం కళ్ల గురించే. తాతకు చూపు లేదు, లేదా లేనట్టుంటాడు. తండ్రికి చూపుంది, అది అద్దం దాటి బయటికి రాదు. తల్లి చూపు మత్తులో మూసుకుపోయింది. చూడకపోవడంలో ఉన్న మూడు రకాలను దర్శకుడు మూడు గదుల్లో కూర్చోబెట్టాడు. ఆ నవ్వే కుటుంబం పాడే పాట దేని గురించి? మేం నిన్ను చూస్తున్నాం అని. వాళ్లు ఆమెకు ఆస్తులు ఇస్తామనరు, బొమ్మలు కొనిస్తామనరు. చూస్తున్నాం అంటారు. ఒక పిల్ల తన కోసం తాను కల్పించుకున్న స్వర్గంలో ఉన్న ఏకైక సంపద అది.

ఆ కళ్లే ఎందుకు ఎంచుకుంది? హోర్డింగు మీది మనిషి ఫొటోలో కెమెరా వైపు చూసి ఉంటాడు కాబట్టి, దారిన పోయే ప్రతివాడికీ తననే చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఏ మూల నిలబడ్డా ఆ చూపు మనల్ని వదలదు. ఆ పిల్ల కిటికీ వైపు రోజంతా, రాత్రంతా తిరిగి ఉన్న కళ్లు ఆ వీధిలో అవొక్కటే. ఆమె వాటిని ఎంచుకోవడంలో పిచ్చి ఏమీ లేదు. తన చుట్టూ ఉన్నవాటిలో తనను చూసేది ఏదో వెతికి, దొరికినదాన్ని పట్టుకుంది.

ఇంగ్లండుకు చెందిన శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు డోనాల్డ్ వినికాట్ 1967లో, బిడ్డ ఎదుగుదలలో తల్లీ కుటుంబమూ అద్దంగా ఎలా పనిచేస్తారన్న విషయం మీద ఒక వ్యాసం రాశాడు. బిడ్డ తల్లి ముఖంలోకి చూసినప్పుడు చూసేది తననే అంటాడు ఆయన. తల్లి ముఖంలో తన రాకకు కలిగిన మార్పు కనిపిస్తే, నేను ఉన్నాను అని బిడ్డకు తెలుస్తుంది. ఆ ముఖం తన బాధలోనే గడ్డకట్టి ఉంటే బిడ్డకు అక్కడ తాను కనిపించదు. ఈ వ్యాసం దగ్గర పెట్టుకుని చిత్రంలో అద్దం ఉన్న గదిని చూడండి. ఇంట్లో పెద్ద అద్దం ఉంది, కానీ దాన్ని తండ్రి ఆక్రమించాడు. బిడ్డకు అద్దం కావలసినవాడు అద్దానికి అతుక్కుపోయాడు. తీరా క్లేర్ అద్దంలో తనను చూసుకున్న క్షణమే ఓపల్ అనే ఊహ కూలిపోతుంది. దర్శకుడు వినికాట్‌ను చదివాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. పసితనాన్ని జాగ్రత్తగా గమనించిన ఇద్దరు ఒకే చోటికి చేరారు.

శిశు మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన ప్రయోగం కూడా ఇక్కడ చెప్పాలి. తల్లి కొద్ది నెలల బిడ్డతో ఆడుతూ ఆడుతూ, పరిశోధకులు చెప్పినట్టుగా ముఖంలో ఏ భావమూ లేకుండా కాసేపు ఉండిపోతుంది. కొట్టదు, తిట్టదు, వదిలి వెళ్లదు. ఎదురుగానే కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, ఆవిడను మళ్లీ ఆటలోకి లాగడానికి తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగిస్తుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పుకుంటుంది, కుంగిపోతుంది. ఆ దృశ్యాలు చూసినవారికి, 'ఓపల్'లో ఒక్క దెబ్బ కూడా పడకపోయినా ఒళ్లు ఎందుకు జలదరిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఆ ఏడుపు సంగతి. ఎదురింట్లో ఎవరో ఏడుస్తున్నారని ఓపల్ వెళ్లింది. ఆ ఇంట్లో ఏడవవలసిన మనిషి ఒక్కతే, ఆ పిల్ల. అంటే తన ఏడుపు తనకే పరాయి ఇంటి ఏడుపుగా వినిపించింది. చిత్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసింది ఇదే. నొప్పి తనది కాదు, ఎదురింటివాళ్లది అనుకుంటేనే ఆ పిల్లకు రోజు గడుస్తుంది. అయినా, పరాయిదనుకున్న ఆ ఏడుపు కోసం నిషేధం దాటి వెళ్లింది. ఇంట్లో ముగ్గురు పెద్దలు చేయని పని ఆ ఊహాలోకపు పిల్ల చేసింది. ఏడుపు విని లేచి వెళ్లింది. నిషేధం పెట్టినవాళ్లు ఆ మంచి కుటుంబమే అని కూడా గమనించండి. అక్కడికి వెళ్తే నిజం తెలుస్తుందని, నిజం తెలిస్తే తాము మిగలమని ఊహకే ముందు తెలుసు.

ఇప్పుడు హోర్డింగు దగ్గర ఆగుదాం. అది తిండి ప్రకటన కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఈ ప్రాంగణం దాటి తార్నాక చౌరస్తాకు నడిస్తే మెట్రో స్తంభాల మీద, మేడల మీద ఎన్ని కుటుంబాలు మన వైపు చూసి నవ్వుతుంటాయో మీకు తెలుసు. ఫ్లాట్లు, నగలు, వంటనూనె, ఇంటర్ కాలేజీలు, అన్నీ నవ్వే కుటుంబాలతోనే అమ్ముడవుతాయి. అదే తార్నాకలో ఇంకో చోటు ఉంది, జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. పిల్లల ఎత్తు, బరువు, తిండి గురించి ఈ దేశం నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మన పక్క గోడ అవతల నుంచే వచ్చింది. తిండికీ ఆదరణకూ ఉన్న సంబంధం గురించి ఆ శాస్త్రంలోనే ఒక పాత పరిశోధన ఉంది. సాహిత్య విద్యార్థులు తప్పకుండా తెలుసుకోవలసినది.

ఎల్సీ విడోసన్ ఇంగ్లండుకు చెందిన పోషకాహార శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలో రెండు అనాథాశ్రమాల పిల్లల పెరుగుదలను కొలిచింది. ఫలితాలు 1951లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. పథకం తేలికైనదే. మొదటి ఆరు నెలలు రెండు చోట్లా మామూలు రేషను, తర్వాతి ఆరు నెలలు ఒక ఆశ్రమానికి మాత్రం అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం. అదనపు తిండి తిన్నవాళ్లు బాగా పెరగాలి కదా! జరిగింది తలకిందులు. అదనంగా తిన్న పిల్లలు తక్కువ పెరిగారు, తినని ఆశ్రమం పిల్లలు వాళ్లను దాటిపోయారు. కారణం వెతికితే దొరికింది. మొదట, అదనపు తిండి అందని ఆశ్రమంలో కఠినంగా ఉండే మేట్రన్ ఒకావిడ పనిచేసేది. సరిగ్గా అదనపు తిండి మొదలైన సమయానికే ఆవిడ ఆ తిండి అందే ఆశ్రమానికి బదిలీ అయింది. పిల్లలను అందరి ముందూ తిట్టడానికి ఆవిడ ఎంచుకునే వేళ భోజనాల వేళ. కంచంలో తిండి చల్లారిపోతుంటే పిల్లలు ఏడుస్తూ కూర్చునేవారు. ఆవిడకు ఇష్టమైన కొద్దిమంది పిల్లలు మాత్రం ఆవిడతోపాటే వచ్చి బాగా పెరిగారు.

ఈ పరిశోధన తెలిశాక ఆ బర్గర్ల హోర్డింగును మునుపటిలా చూడలేం. క్లేర్ ఆకలితో ఉందని చిత్రం ప్రత్యేకంగా చెప్పదు. కానీ తిండి ఉన్నచోట తనవాళ్లు ఉంటారనీ, తనవాళ్లు ఉన్నచోట తిండి ఉంటుందనీ పసిమనసుకు రెండూ ఒకటే. ప్రకటనలు తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లు బర్గర్‌తోపాటు కుటుంబం బొమ్మ కూడా వేశారు. పిల్ల బర్గర్‌ను వదిలేసి కుటుంబాన్ని తీసుకుంది.

బొమ్మలోకి వెళ్లిపోవడం అమెరికా పిల్లల జబ్బేమీ కాదు. గీతాంజలి రావు 2006లో తీసిన 'ప్రింటెడ్ రెయిన్‌బో' మన దేశపు చిత్రం. కాన్ చిత్రోత్సవంలో క్రిటిక్స్ వీక్‌లో బహుమతులు అందుకుంది. అందులో ఒక ముసలావిడ, ఒక పిల్లి, నగరంలో ఒక ఇరుకు ఫ్లాట్. ఆవిడ బతుకంతా బూడిద రంగులో ఉంటుంది. పాత అగ్గిపెట్టెల మీది బొమ్మల్లోకి ఆవిడ అడుగుపెట్టగానే తెర రంగులతో నిండిపోతుంది. మన ఇళ్లలో ఎవరి కంటికీ ఆనని మనిషి పిల్ల కావచ్చు, అవ్వ కావచ్చు. ఇద్దరికీ దారి అదే, చేతికి అందిన బొమ్మలోకి. తేడా ఒకటుంది. అవ్వ లోకంలోకి మనం ఆనందంగా వెళ్తాం. క్లేర్ లోకంలోంచి భయపడి బయటికి వస్తాం. పండిన వయసు ఊహను మనం విశ్రాంతి అనుకుంటాం, పసివయసు ఊహను ప్రమాదం అనుకుంటాం. అది న్యాయమేనా అన్నది ఆలోచించదగిన సంగతి.

మన దగ్గరి లెక్క ఒకటి చెబుతాను. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను నేరుగా అడిగి రాసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. ప్రతి ఇద్దరిలో ఒకరు మనసు గాయపడే హింసను ఎదుర్కొన్నామన్నారు. నిర్లక్ష్యం గురించి అడిగింది ఆడపిల్లల విషయంలో. 70 శాతానికి పైగా ఆడపిల్లలు ఇంట్లో తమను పట్టించుకోరన్నారు. ఇది దెబ్బల లెక్క కాదు. కంచంలో వడ్డన దగ్గర, బడి దగ్గర, పనుల పంపకం దగ్గర వాళ్లు మనుషులుగా కనబడలేదు, అంతే.

ఇక్కడ ఒక విషయంలో నేను చాలా పట్టుదలగా ఉన్నాను. పేదరికాన్ని నిర్లక్ష్యంతో కలపకూడదు. ఈ హాలులో కూర్చున్నవారిలో చాలామంది చిన్నప్పుడే హాస్టళ్లలో చేరినవారు. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, ఆదిలాబాదు నుంచి అయిదో తరగతికే ట్రంకు పెట్టెతో వచ్చినవారు. అమ్మానాన్నలకు దూరంగా పెరిగారు. కానీ పొద్దుగూకే వేళకు ఫోనులో "తిన్నవా బిడ్డా?" అన్న గొంతు వింటూ పెరిగారు. కూలి పని మానలేక మీ బడికి ఒక్కసారీ రాలేని తల్లి మిమ్మల్ని చూస్తూనే ఉంది. ఒకే ఇంట్లో, పక్క గదిలో, అన్నీ కొనిచ్చి, ఏడాది పొడుగునా బిడ్డ ముఖంలోకి సరిగా చూడని ఇళ్లూ మనకున్నాయి. ఆ ఇళ్లలో ర్యాంకు చూస్తారు, హాజరు చూస్తారు, ఫీజు రసీదు చూస్తారు. 'ఓపల్' ఆ ఇళ్ల గురించి కూడా.

మా తరగతి చర్చలో ముగ్గురిలో ఎవరిది ఎక్కువ తప్పు అన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలా వేళ్లు తల్లి వైపే చూపించాయి. తాత ముసలివాడు, తండ్రి పిచ్చివాడు, తల్లయి ఉండి ఈవిడకేమైంది అన్నారు. ఈ తీర్పును నేను ఒప్పుకోను. ఆవిడ జబ్బు మనిషి. ఆవిడ గోడును కూడా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ముసలాయనకు టీవీ ఉంది, భర్తకు అద్దం ఉంది. ఆవిడకు మత్తు మిగిలింది. బిడ్డను చూడని చూపులే ఆవిడను కూడా చూడలేదు. ఆవిడ చేసింది తప్పు కాదని నేను అనడం లేదు. మూడు గదులకూ సమానంగా పంచవలసిన తప్పును ఒక్క గదిలో కుప్ప పోయడం మన అలవాటని మాత్రం అంటున్నాను. చట్టానికీ ఇది చిక్కే. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ బిడ్డను ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేసినవారికి మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. ఆ ముగ్గురిలో ఉద్దేశం ఎవరిది? ఉద్దేశపూర్వకంగా ఏదైనా చేయాలంటే ముందు ఎదుట ఒక మనిషి ఉన్నట్టు గుర్తించాలి. వాళ్లు అక్కడిదాకా కూడా రాలేదు.

బొమ్మల సినిమాలో ఇంత చీకటి ఎందుకు, ఇది పిల్లలది కదా అని అడిగేవారున్నారు. మన హైదరాబాదుకు ఆ ప్రశ్న సహజమే. ఛోటా భీమ్ పుట్టిన ఊరు ఇది. బాలల చలనచిత్రోత్సవాలకు వేదికైన ఊరు. కానీ బొమ్మలో భయం మొదటి నుంచీ ఉంది. ప్రాణం లేనిది కదిలినప్పుడు, తెలిసిన ఇల్లు తెలియనిదిగా మారినప్పుడు మనకు కలిగే గగుర్పాటు మీద ఫ్రాయిడ్ 1919లోనే వ్యాసం రాశాడు. మట్టి బొమ్మ ముఖం మీద తయారుచేసినవాడి వేలిముద్రలు ఫ్రేము ఫ్రేముకూ మారుతుంటాయి. చర్మం నిలకడగా ఉండదు. నిలకడ లేని ఇంట్లోని పిల్లకు అమ్మ ముఖం, నాన్న ముఖం అలాగే కనిపిస్తాయి. ఈ కథకు మట్టి తప్ప వేరే మాధ్యమం ఊహించలేను. అయితే చిన్నపిల్లలకు చూపించవద్దు. ఇది పిల్ల గురించిన చిత్రం, పెద్దల కోసం తీసినది.

ఇంతసేపూ తెర మీద ఉన్నవాటి గురించి మాట్లాడాను. లేనివాటి గురించి కూడా ఒక మాట. ఆ వీధిలో పొరుగువారు లేరు. బడి పంతులమ్మ లేదు. బంధువులు లేరు. తలుపు తట్టిన మనిషి ఒక్కరూ లేరు. ఆ పిల్ల ఊహలో కూడా బయటివాళ్లెవరూ వచ్చి తనను కాపాడరు. తానే ఓపల్‌గా మారి, తానే వీధి దాటి, తానే తన దగ్గరికి వస్తుంది. ఇందాక చెప్పిన బాలల న్యాయ చట్టంలోని 31వ సెక్షన్ ఆదరణ, రక్షణ అవసరమైన బిడ్డను శిశు సంక్షేమ కమిటీ ముందుకు ఎవరెవరు తీసుకురావచ్చో చెబుతుంది. పోలీసు, డాక్టరు, నర్సు, సామాజిక కార్యకర్త, బాధ్యత గల ఏ పౌరుడైనా. ఆ జాబితాలో బిడ్డ తనంత తానుగా రావచ్చని కూడా ఉంది. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. బి.ఎడ్. చేసి బడులకు వెళ్లబోతున్న విద్యార్థులు ఈ గదిలో ఉన్నారు కనుక ఆ నంబరు చెబుతున్నాను.

ఊహలోకి పారిపోవడం ఆ పిల్ల ఓటమి అని కొందరు అన్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఆ హోర్డింగు లేకపోతే చూపు అంటే ఎలా ఉంటుందో, ఆప్యాయత ఏ గొంతుతో పాడుతుందో ఆమెకు నమూనా కూడా ఉండేది కాదు. అబద్ధపు బొమ్మ నుంచే అయినా ఆమె ఒక కుటుంబం ఎలా ఉండాలో నేర్చుకుంది. ఆ బొమ్మ ఆమెను ఎంతకాలం నిలబెడుతుందన్నది దర్శకుడు చెప్పలేదు. చెప్పకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

ఇప్పుడు చిత్రాన్ని మరోసారి వేస్తారు. ఈసారి ధ్వని లేకుండా చూద్దాం. ఎవరి కళ్లు ఎటు ఉన్నాయో మాత్రమే గమనించండి. ఇది ఎవరి ఇంటికైనా మరీ దగ్గరగా ఉంటే లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ కారణం అడగరు. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. నాతో విభేదించేవారికి మొదటి అవకాశం. మాస్టారి తరగతిలో అదే పద్ధతి.